తోకలోని మూడు బోల్టులు

1989 సెప్టెంబర్ 8, శుక్రవారం. నార్వే రాజధాని ఓస్లోలోని ఫోర్నెబు విమానాశ్రయం. విల్‌హెల్మ్‌సెన్ ఓడల కంపెనీ మనుషులు యాభైమంది హాంబర్గ్‌కి బయలుదేరారు. అక్కడ కంపెనీ కొత్త ఓడకి పేరు పెట్టే వేడుక ఉంది. ఆ కంపెనీ 1861లో పుట్టింది. నాలుగు తరాల వాళ్లు దాని జీతం మీద బతికారు. ఆ రోజు వెళ్లినవాళ్లంతా ఒకే కంపెనీలో పనిచేసేవాళ్లే.

వాళ్లకోసం మాట్లాడిన విమానం పార్ట్‌నేర్ అనే చిన్న సంస్థది. కాన్వెయిర్ 580 రకం, వయసు ముప్ఫై ఆరేళ్లు. ఎన్నో చేతులు మారి ఇక్కడికి చేరింది. సంస్థ అప్పుల్లో కూరుకుపోయి ఉంది. పాత బాకీ తీర్చలేదని భోజనాలు సరఫరా చేసేవాళ్లు ఆ రోజు ట్రేలు ఎక్కించేది లేదన్నారు. కో-పైలట్ దిగి వెళ్లి డబ్బు చేతికిచ్చి వచ్చాడు. అతనికీ కెప్టెన్‌కీ యాభై తొమ్మిదేళ్లు. ఆకాశంలో వేల గంటలు గడిపిన స్నేహితులు. వాళ్ల నేర్పులో ఏ లోటూ లేదని తర్వాత దర్యాప్తు తేల్చింది. నాకు ఈ గాథలో అన్నిటికన్నా బాధ కలిగించేది అదే.

విమానంలోని ఒక జనరేటర్ రెండు రోజులుగా పనిచేయడం లేదు. దాని బదులు తోక భాగంలో ఉండే ఏపీయూ అనే చిన్న ఇంజన్‌ని దారి పొడవునా నడిపించాలనుకున్నారు. నిబంధనలు అందుకు ఒప్పుకుంటాయి. ఆ ఏపీయూని పట్టి ఉంచే ఊతాల్లో ఒకటి విరిగి ఉన్న సంగతి వాళ్లకి తెలియదు. గంట దాకా ఆలస్యంగా విమానం లేచింది. స్కాగెరాక్ సముద్రం మీద, 22,000 అడుగుల ఎత్తున, తోక ఊడింది. డెన్మార్క్ తీరంలోని హిర్ట్‌షాల్స్‌కి ఉత్తరాన 18 కిలోమీటర్ల దూరంలో విమానం నీళ్లలో పడింది. యాభై మంది ప్రయాణికులు, అయిదుగురు సిబ్బంది. ఒక్కరూ మిగల్లేదు.

బాంబు పేలుడే అన్నారు జనం. స్కాట్లండ్‌లోని లాకర్బీ మీద బాంబుతో విమానం పేలి తొమ్మిది నెలలైనా కాలేదు. నార్వేలో మూడు రోజుల్లో ఎన్నికలు. దగ్గర్లో ఎగిరిన ఎఫ్-16 యుద్ధ విమానం మీదా అనుమానం పడింది. దర్యాప్తు బృందం మాత్రం సముద్రాన్ని అడుగు దాకా జల్లించి, చాలా మటుకు ముక్కలు పైకి తెచ్చి, విమానాన్ని మళ్లీ పేర్చుకుంటూ వచ్చింది. అలా తోక దగ్గర ఆగింది.

తోక మీది నిలువు రెక్కని విమానానికి పట్టి ఉంచేవి నాలుగు బోల్టులు. వాటిలో ఒక్కటే అసలుది. మూడు నకిలీవి. చూపుకి అచ్చం అసలువే. లోహాన్ని పరీక్షిస్తే మెత్తన. ఉండాల్సిన బలంలో దాదాపు 60 శాతమే ఉంది. అవి అరిగి వదులయ్యాయి. రెక్క సన్నగా అదరడం మొదలైంది. ఎంతో కాలంగా ఆ అదురు విమానంలోని రికార్డరులో నమోదవుతూనే ఉంది. ఆ చివరి రోజున ఏపీయూ అదురు కూడా దానికి తోడైంది.

ఆ నాలుగో బోల్టు కథ చూడండి. కెనడాలో ఒకసారి విమానాన్ని విప్పి చూసినప్పుడు ఒక బోల్టు అరిగిందని గమనించి, సరైన నంబరుది తెప్పించి బిగించారు. కొన్నాళ్లు అదురు తగ్గింది. మిగతా మూడింటినీ ఆ చూపుతోనే చూసి ఉంటే!

సరైన నంబరుదే బిగించడం ఎందుకు ముఖ్యమో చిన్న విమానాల మెకానిక్‌కి బాగా అర్థమవుతుంది. సెస్నా 172కి చక్రం మార్చాలంటే అతను మొదట పాత చక్రం మీది మురికి తుడిచి విడిభాగం నంబరు చదువుతాడు. 6.00-6 కొలత టైరు పట్టినంత మాత్రాన ఆ చక్రం సరిపోయినట్టు కాదు. అదే టైరు పట్టే చక్రాలు చాలా ఉన్నాయి. ఒకదాని బేరింగు వేరు, ఒకదాని బ్రేకు డిస్కు వేరు, ఒకటి మోసే బరువు వేరు. క్లీవ్‌లాండ్ చక్రాల నంబరు 40తో, బ్రేకులది 30తో మొదలవుతుంది. ఏ చక్రానికి ఏ బ్రేకు జోడీయో తయారీదారు పుస్తకం చెబుతుంది. చక్రం రెండు సగాలుగా ఉంటుంది, వాటిని కలిపే బోల్టుకీ నంబరుంది. ఆ నంబరు ఆ విమానం సీరియల్ నంబరుకి వర్తిస్తుందో లేదో చూసి, వెంట వచ్చిన ధ్రువపత్రం చదివి, బిగించి, లాగ్‌బుక్‌లో రాసి సంతకం చేస్తాడు. ఎక్కడ పుట్టింది, ఎవరు పరీక్షించారు, ఎవరి చేతి మీదుగా వచ్చింది అన్న ప్రశ్నలన్నిటికీ ఆ కాగితం జవాబు చెప్పాలి. నకిలీ సామానుకి లేనిది ఆ జవాబే.

పార్ట్‌నేర్ సంస్థ ఆ ఏడాదితోనే ముగిసింది. విల్‌హెల్మ్‌సెన్ ఆఫీసులో బల్లలు వరసకి వరస ఖాళీ అయ్యాయి. ఒక ఇంట్లో తల్లి, ఒక ఇంట్లో తండ్రి, ఒక ఇంట్లో పెళ్లికెదిగిన బిడ్డ. దర్యాప్తు నివేదిక 1993లో వచ్చింది. ఆ తర్వాత అమెరికా విమానయాన శాఖ అనుమతి లేని విడిభాగాల కోసం ప్రత్యేకంగా ఒక విభాగం పెట్టింది. ఆ పని 1989కి ముందే జరగాల్సింది.

విమానాలు బాగుచేసే పని మన శంషాబాద్‌లోనూ సాగుతోంది. ఆ చదువు చదివే తెలుగు పిల్లలు ఉన్నారు. వాళ్లకి నాదొక మనవి. బయలుదేరే వేళ దాటిపోతోందని ఎవరు తొందరపెట్టినా, పైవాడు కసురుకున్నా, నంబరు కలవని సామాను, కాగితం లేని సామాను విమానానికి బిగించకండి. సంతకం పెట్టనని గట్టిగా చెప్పండి.