పగిలే అచ్చు, పగలని అచ్చు

లేపాక్షికి పేరు తెచ్చినవి ఉలీ, కుంచే, కొలిమి కాదు. ఒకే బండలోంచి తొలిచిన నంది పొడవు దాదాపు 27 అడుగులు, ఎత్తు 15. అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ కట్టించిన వీరభద్రాలయంలో స్తంభాల మీద శిల్పం, కప్పు మీద వర్ణచిత్రం. ఆ ఊరి పేరే ప్రభుత్వ హస్తకళల దుకాణాలకు పెట్టుకున్నాం. ఇప్పుడు అదే నంది అరచేతిలో ఇమిడే రెజిన్ బొమ్మగా బజారుకొచ్చింది. అది చూసి పెదవి విరిచేవాళ్లు, రెజిన్ మన పని కాదని, నిన్న మొన్నటి రసాయనమని అంటారు. అందులో సగమే నిజం. చెట్టు బంకకీ పోతపనికీ మన దగ్గర చుట్టరికం పాతదే. కొత్తగా వచ్చిందల్లా అచ్చుకు ఆయుష్షు.

ఆ బంక పేరు గుగ్గిలం, సాలచెట్టు కార్చేది. ఇంట్లో ధూపం వేసేదీ ఇదే. విగ్రహం పోయాలంటే ముందు మైనంతో బొమ్మ చెయ్యాలి. ఉత్త తేనెమైనమైతే మన ఎండకు మెత్తబడి, తీర్చిన ముక్కు కాస్తా జారిపోతుంది. అందుకే దక్షిణాది స్థపతులు అందులో గుగ్గిలం కరిగించి కలుపుతారు. మరీ పెళుసెక్కకుండా కాస్త నూనె పోస్తారు. ఆ బొమ్మకు మట్టి పూత మీద పూత పెట్టి, ఆరాక కాలుస్తారు. మైనం కరిగి కారిపోయిన ఖాళీలోకి లోహం దిగుతుంది. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు తన మానసోల్లాసంలో ఈ పద్ధతిని వివరించాడు. మైనం తూకాన్ని బట్టి లోహం ఎంత కావాలో లెక్క కూడా కట్టాడు. పని ఆ పుస్తకం కంటే పాతది. బుద్ధపాడులో దొరికి, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న కంచు బుద్ధులు అంతకు కొన్ని వందల ఏళ్ల ముందువి. ఆదిలాబాద్ ఓజా కళాకారులు మట్టి ముద్ద మీద మైనపు దారాలు చుట్టి నేటికీ ఇత్తడి పోస్తున్నారు. డోక్రా అనే వాళ్ల పోతపనికి 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

గుగ్గిలానికీ ఇవాళ్టి రెజిన్‌కీ పోలికేమిటని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. గుగ్గిలం వేడికి కరుగుతుంది, చల్లారితే గట్టిపడుతుంది, మళ్లీ కరుగుతుంది. 1907లో బేక్‌లాండ్ చేసిన బేకలైట్, ఆ తర్వాతి పాలియెస్టర్, ఎపాక్సీ రెజిన్లు అలా కావు. పాలియెస్టర్‌లో కెటలిస్టు చుక్కలు పడ్డాయంటే ద్రవం తనంతట తనే వేడెక్కి గట్టిపడుతుంది, ఇక వెనక్కి రాదు. గట్టిపడేటప్పుడు కొంత కుంచించుకుపోతుంది కూడా. చుక్కలు ఎక్కువైతే చిట్లుతుంది. రసాయనం వేరని ఒప్పుకోవాల్సిందే. కానీ పని స్వభావాన్ని మార్చింది అది కాదనే నా వాదన. పాతపద్ధతిలో విగ్రహం బయటికి రావాలంటే మట్టి అచ్చు పగలాలి. ఒక అచ్చుకు ఒకే విగ్రహం. ఇప్పుడు రెజిన్ పోసే సిలికాన్ రబ్బరు అచ్చు సాగుతుంది, నంది మెడలోని గంటల సందుల్లోంచి కూడా ఊడివస్తుంది, మళ్లీ మళ్లీ పోతకు పనికొస్తుంది. అప్పట్లో బంక కాలిపోయి లోహానికి చోటిచ్చేది. ఇప్పుడు బంకే విగ్రహమై కూర్చుంది.

అయితే శిల్పి అక్కర్లేదా అంటే, మొదటి బొమ్మ ఎవరో ఒకరు చెక్కాల్సిందే. అసలు అన్యాయం ఇక్కడుంది: చెక్కినవాడికి కూలి ఒక్కసారే, అచ్చు ఉన్నవాడికి రాబడి ప్రతి పోతకూ. ఆ తప్పు రెజిన్‌ది కాదు, లెక్కది. అలాగే రాతిపొడి కలిపి పోసిన బొమ్మను రాతిబొమ్మగా అమ్మితే, ఆ అబద్ధం అమ్మేవాడిదే. కొనేముందు నందిని తిరగేసి చూడండి. అతుకు గీత, గుండుసూది తలంత గాలి గుంటలు కనిపిస్తే అది పోసిన నంది. నచ్చితే తీసుకోండి, రాతి ధర మాత్రం ఇవ్వకండి.