షేకర్ల భోజనబల్ల



మార్కు సువార్త 6వ అధ్యాయం 3వ వచనంలో నజరేతువాళ్లు మన ప్రభువును వడ్రంగి అన్నారు. ఆయన చేసిన వస్తువు ఒక్కటీ మనకు మిగల్లేదు. ఆయన నాగళ్లు, కాడులు చేశాడని రెండో శతాబ్దపు జస్టిన్ రాశాడు గానీ, బల్ల మాట ఎత్తలేదు. అన్నం తినే బల్లల గురించి చదువుతూ పోతే అమెరికాలోని షేకర్ల దగ్గర ఆగిపోయాను.

ఆన్ లీ ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో ఒక కమ్మరి కూతురు. 1774లో కొద్దిమందితో ఓడెక్కి న్యూయార్క్ చేరింది. పదేళ్లకు చనిపోయింది. ఆరాధనలో వణుకుతూ ఊగేవారు గనుక ఆమె మనుషులకు షేకర్లని పేరొచ్చింది. ఆమెలో క్రీస్తు రెండోసారి ప్రత్యక్షమయ్యాడన్నారు. అది మనం ఒప్పుకునే బోధ కాదు. పెళ్లి కూడా వద్దన్నారు. అందుకే ఈనాడు మెయిన్ రాష్ట్రంలోని సబ్బాత్‌డే లేక్‌లో వేళ్లమీద లెక్కపెట్టేంతమందే మిగిలారు.

కానీ వాళ్ల వడ్రంగం చూడండి. ఆస్తి ఉమ్మడి, వంట ఉమ్మడి. పదుల మంది ఒకేసారి కూర్చోవాలి. చెర్రీ, మేపుల్, పైన్ చెక్కలతో పొడవాటి బల్లలు చేసేవారు. మామూలుగా అలాంటి బల్లకు రెండు చివరల కాళ్లను కలిపే అడ్డదూలం కింద, నేలకు దగ్గరగా ఉంటుంది. కూర్చున్నవాళ్ల కాళ్లకు తగులుతుంది. షేకర్లు దాన్ని పైకెత్తి పలక కిందనే బిగించారు. కాళ్లకు చోటొచ్చింది, ఊడవడమూ తేలికైంది. మొదట బెంచీలు వేసుకునేవారు. తర్వాత వచ్చిన కుర్చీలకు వీపు ఎంత పొట్టిదంటే, భోజనం కాగానే బల్ల కిందికి తోసేయొచ్చు. కేవలం అందం కోసం అంచులు చెక్కకూడదని 1845 నాటి వాళ్ల నియమావళి చెప్పింది. అయినా ఆ బల్లలు అందంగానే ఉన్నాయి! మన వడ్రంగులకు ఇది వింతేమీ కాదు. కుసి బెజ్జంలో సరిగ్గా కూర్చుంటే పనికి అందం దానంతటదే వస్తుంది.

భోజనానికి ముందూ తర్వాతా మోకరించేవారు. తినేటప్పుడు మాటల్లేవు. స్త్రీలు వేరే, పురుషులు వేరే. నలుగురికి ఒక జట్టుగా వంటకాలు పెట్టేవారు, ఎవరూ చేయి చాచి దూరాన ఉన్న గిన్నె అందుకోనక్కర్లేకుండా. వడ్డించుకున్నది మిగల్చకూడదు. 1847లో రెబెక్కా జాక్సన్ అనే నల్లజాతి బోధకురాలు వాటర్‌వ్లీట్ షేకర్లలో చేరింది. ఆ దేశంలో దాసత్వం ఇంకా నడుస్తున్న రోజులవి.

ఇంతవరకు సంతోషంగా చదివాను. ఆ తర్వాత తెలిసింది: అందరికీ పైనుండే పరిచర్య పెద్దలు మాత్రం విడిగా, వేరే గదిలో భోంచేసేవారట. అంత సమానత్వం ప్రకటించినవాళ్లు!

వాళ్లను తప్పుపట్టబోయి ఆగాను. మన ప్రేమ విందులో అందరూ చాపల మీద కూర్చుంటారు. నాకు ఫ్యాను కింద కుర్చీ, ముందు స్టూలు. మీకు విస్తరాకు, నాకు స్టీలు పళ్లెం. ఇన్నేళ్లూ అది మీ ప్రేమ అనుకుని తింటూ వచ్చాను. పెద్దవాడెవడని శిష్యులు వాదులాడింది కూడా లూకా 22లో ప్రభువు బల్ల దగ్గరే.

మన సంఘంలోని వడ్రంగి సహోదరుణ్ణి పిలిచి, అందరం కూర్చునేలా పొడవాటి బల్లలు చేయగలవా అని అడిగాను. వేపచెక్క చాలన్నాడు. పచ్చి చెక్క ఆరాలి గనుక క్రిస్మస్‌కు అందవట. ఈసారికి చాపలే. నాకు కుర్చీ తేవద్దు, నేనూ మీ వరుసలోనే కూర్చుంటాను.