గూన పోయాక రాళ్లవాన

తెలంగాణ పల్లెల్లో రాళ్లవాన కొత్తది కాదు. మార్చి నుంచి మే దాకా, ఎండ ముదిరిన మధ్యాహ్నాలు దాటాక లేచే ఉరుముల మబ్బులు ఏటా ఎక్కడో ఒకచోట వడగళ్లు కురిపిస్తూనే ఉన్నాయి. మారింది ఇంటికప్పు. గడ్డి పోయి గూన, గూన పోయి రేకు, రేకు పోయి స్లాబు అని ఆ మార్పును ప్రగతిగానే చెప్పుకుంటాం. కప్పు ఎంత గట్టిదో చూశాం గాని, పగిలిన కప్పును బాగుచేసుకునే శక్తి ఊరి చేతిలోంచి ఎప్పుడు జారిపోయిందో గమనించలేదు.

కుమ్మరి సారె మీద మట్టిని గొట్టంలా లాగి, కాస్త ఆరాక నిలువునా గాటు పెట్టి, కాల్చాక రెండుగా విడదీస్తే రెండు గూనలు. ఒక వరుస వెల్లకిలా, దాని అంచులను కప్పుతూ ఇంకో వరుస బోర్లా పరిచేవారు. పెద్ద వడగల్లు పడితే గూన పగలాల్సిందే. అయితే పక్కవాటిని కదిలించి, పగిలినదాన్ని తీసి, పెరట్లో పేర్చి ఉంచిన గూనల్లోంచి ఒకటి దూరిస్తే సరిపోయేది. పైగా తొలకరికి ముందు కప్పంతా ఎలాగూ సవరించాలి. వడగళ్ల కాలం సరిగ్గా దానికి ముందే వస్తుంది కనుక, ఆ నష్టం ఏటా చేసే పనిలోనే కలిసిపోయేది.

సరుకు ఊరిదైనందువల్లే ఆ సులువు అనుకుంటే పొరపాటు. బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ వారు 1865లో మంగళూరు దగ్గరి జెప్పులో పెంకుల కర్మాగారం పెట్టారు. ఒకదానిలో ఒకటి ఇమిడే ఆ తరహా పెంకు 1840లలో ఫ్రాన్స్‌లోని అల్సాస్‌లో గిలార్డోనీ సోదరుల చేతిలో రూపుదిద్దుకుంది. ఎంత దూరం నుంచి వచ్చినా, పగిలిన పెంకును ఒక్కదాన్నే మార్చుకోవచ్చు. సిమెంటు రేకు సంగతి వేరు. దాన్ని తయారుచేసే కంపెనీ 1946లో హైదరాబాద్‌లోనే పుట్టింది, మంగళూరు కంటే మనకెంతో దగ్గర. కానీ రేకుకు ఒక్క చిల్లు పడినా బోల్టులు ఊడదీయాలి, దాని మీదికి వచ్చిన రేకును లేపాలి, నిండు రేకు కొని బండి మీద తేవాలి. మరమ్మతును బరువు చేసింది దూరం కాదు, ముక్క పరిమాణం.

గూన కాలాన్ని పొగుడుతున్నానని ఎవరైనా అంటే ఆ అభ్యంతరం న్యాయమైనదే. కుమ్మరి పనికి పంట మీద దక్కిన మేర కొద్దిపాటిది, కులంతో కట్టేసిన వెట్టి అందులో కలిసే ఉంది. కోతులు కప్పెక్కితే గూన నిలవదు, ఏటేటా కూలీ ఖర్చు తప్పదు. రేకు ఒక్క రోజులో ఇంటి మీదికెక్కింది, పేదవాడికి అందింది. ఇవన్నీ ఒప్పుకుంటాను. వడగళ్లకు స్లాబు చెక్కుచెదరదన్నదీ నిజమే. కానీ స్లాబు వేసుకోలేనివారే రేకుల కింద ఉన్నారు. పగిలిన రేకులో ఆస్బెస్టాస్ ఉంటే, కోసినా తొలిచినా లేచే ధూళి క్యాన్సర్ కారకం. ఆ పని చేసేవారి ముక్కుకు గుడ్డ కూడా ఉండదు.

ఊరి ఏర్పాటు పోయిన చోట ప్రభుత్వ సాయం నిలబడాలి. 2023 మార్చి వడగళ్ల తర్వాత రాష్ట్ర ప్రభుత్వం పంట నష్టానికి ఎకరాకు 10,000 రూపాయలు ప్రకటించింది, అది అవసరమే. ఇళ్ల విషయానికొస్తే, 2022–26 కాలపు విపత్తు సాయ నిబంధనల్లో పాక్షికంగా దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500 రూపాయలు. అదీ నష్టం కనీసం 15 శాతం ఉంటేనే. గోడలు నిలిచి, రేకులన్నిటికీ చిల్లులు పడిన ఇంటిని ఎంత శాతంగా రాయాలి? వానాకాలం ముంచుకొస్తున్న వేళ ఆ ఇంటికి కావలసింది శాతం కాదు, జూన్ లోపు కొత్త రేకులు, వాటిని ఎక్కించే మనుషులు. నష్టాన్ని రేకుల లెక్కన నమోదు చేసి, మండలంలోనే సరుకు నిల్వ ఉంచడం అసాధ్యమేమీ కాదు.