పొట్టిజాబుల చరిత్ర



తోకలేని పిట్ట తొంబదామడలు పోవునని ఉత్తరమును గూర్చి మనవారు పొడుపుకథ వేయుదురు. ఆ పిట్ట నానాటికి ఎట్లు చిన్నదయ్యెనో, అందువలన మన తెలుగక్షరముల కేమి సంభవించెనో నేడు మనవి చేసెదను.

పూర్వము జాబు వ్రాయుట యొక మర్యాద. ‘మహారాజరాజశ్రీ’ యని మొదలిడి, నమస్కారము లర్పించి, ‘ఉభయకుశలోపరి’ యన్న పిమ్మట గాని అసలు సంగతి వచ్చెడిది కాదు. 1869వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన ఆస్ట్రియా-హంగేరీ రాజ్యమున తపాలాకార్డు పుట్టినది. మనదేశమునకు 1879 జూలై 1వ తేదీన వచ్చినది. వెల కాలణా. బీదవానికిని జాబు వ్రాయు యోగ్యత కలిగినది గాని, చోటు చాలదు. మహారాజరాజశ్రీ ‘మ.రా.రా.శ్రీ’గా ముడుచుకొనవలసివచ్చెను. కార్డునకు కప్పులేదు గనుక తపాలా బంట్రోతు మొదలు అరుగుమీది వారందఱును చదువవచ్చును. మనవా రంతకంటె గడుసువారు. చదువకయే తెలియు నుపాయము పన్నిరి. మూలలకు పసుపు రాచినచో శుభము. మూల చింపియున్నచో మరణవార్త.

తంతి యింకను పొట్టిది. మాటకింత యని రుసుము. అందుచే ‘దయచేసి’ వంటి మాటలు ముందుగా ఎగిరిపోయెను. తంతి వచ్చినదనగానే, విప్పి చదువకముందే, ఇంటిలో ఏడ్పులు మొదలగుట మనలో పలువురు చూచినదే. కాని ఆ యంత్రము ఆంగ్లాక్షరములకై కల్పించిన సంకేతములతో నడచెడిది. తెలుగువాడు తన మాటను ఆంగ్లమునకు మార్పింపవలెను. లేదా తెలుగుమాటకే ఆంగ్లాక్షరముల వేషము వేయవలెను. మన యక్షరములు వాకిటనే నిలిచిపోయినవి. 2013 జూలైలో ఆ తంతివార్తలును ముగిసినవి.

ఇక చేతిఫోను. 1985 ప్రాంతమున జర్మనీదేశపు ఇంజనీరు ఫ్రీడెల్మ్ హిల్లెబ్రాండ్ అను నాతడు ఫోనులో పంపు పొట్టిజాబునకు 160 అక్షరములు చాలునని నిర్ణయించెను. తపాలాకార్డులమీది వ్రాతలు తఱచుగా 150 అక్షరములు మించవనుట ఆతని ప్రమాణములలో నొకటి. చూడుడు, కార్డుముక్కయే కొలబద్ద యైనది! అట్టి జాబు మొదట 1992 డిసెంబరు 3వ తేదీన ఇంగ్లండులో పంపబడినది. ఆ 160 ఆంగ్లాక్షరములకు మాత్రమే. తెలుగులో వ్రాసిన 70 మాత్రమే పట్టును. అందులోను లెక్క విచిత్రము. మనము ఒక్క యక్షరముగా వ్రాయు ‘శ్రీ’ని ఆ యంత్రము శకారము, పొల్లు, రకారము, గుడిదీర్ఘమని నాలుగుగా ఎంచును. మంగళాక్షరమునకే నాలుగింతల పన్ను! మన కుఱ్ఱవాండ్రు తెలుగును ఆంగ్లాక్షరములలో వ్రాయ నలవాటు పడిరన్న, వారిని నేను తప్పుపట్టజాలను.

2009లో అమెరికాలో వాట్సాప్ పుట్టినది. 70 అను హద్దు తొలగినది. 2018లో చిన్న వర్తకులకని ప్రత్యేకముగా దాని వ్యాపారశాఖ యేర్పడినది. నేడు మన పెద్దతిప్పసముద్రములో టమాటా కోసిన రైతు మదనపల్లె మండీ ధరను ఫోనులోనే తెలిసికొని బండి కట్టించును. నీరుగట్టువారిపల్లె మగ్గముమీది పట్టుచీర, మడత విప్పకముందే బొమ్మరూపమున బెంగుళూరు చేరును. ఈ సదుపాయము సామాన్యమైనది కాదు.

హద్దు పోయినను అలవాటు పోలేదు, అదియే నా చింత. ఆంగ్లమున టకార తకారములకు రెండింటికిని ఒక్కటే యక్షరము. మండీలో ‘పాట’ యనగా వేలము. ఆ వ్రాతలో ‘పాట బాకీ’ యొకటే, ‘పాత బాకీ’ యొకటే. ఏ పాటకు రావలసిన సొమ్మో, ఏనాటి పాత సొమ్మో తెలియక లెక్కలో తగవు పడవచ్చును. తెలుగు చక్కగా చదువగల తాత, మనుమని తెలుగుజాబును మఱియొకనిచే చదివించుకొనుచున్నాడు. పూర్వము చదువురానివాడు చేసిన పని నేడు చదువువచ్చినవాడు చేయవలసివచ్చెను.

ఫోనులో తెలుగుమీటలు అమర్చుకొనుటకు వెల లేదు. మీటలు వెదుకుకొనలేని మా యీడువారికి నోట చెప్పగా తెలుగులో వ్రాయు సాధనమును గూగుల్ సంస్థ 2017లో కల్పించినది. కొంచెము నిలిపి స్పష్టముగా పలికినచో, పాట చాలవఱకు పాటగానే పోవును.