బడి వెనక కాస్త జాగా

కరివేపాకు చెట్టుమీద పిట్టరెట్టలా కనిపించే పురుగును ఏరి పారెయ్యడం మన ఇళ్ళల్లో మామూలే. కొన్నాళ్ళు ఓపిక పడితే అదే సీతాకోకచిలుక అవుతుంది. మన పిల్లలకి ఆ సంగతి పుస్తకంలో బొమ్మగానే తెలుసు. బొమ్మ గీస్తే మార్కులొస్తాయి, అంతే!

బడిలోనే ప్రాణులకీ చోటుండాలన్న ఆలోచన ఇవాళ్టిది కాదు. రవీంద్రనాథ్ టాగూర్ 1901లో శాంతినికేతన్‌లో చెట్లకింద బడి పెట్టారు. 1928లో మొక్కలు నాటడాన్నే పండగ చేశారు. మన తెలుగునేల మీద జిడ్డు కృష్ణమూర్తిగారి రిషీవ్యాలీ ఉంది. మదనపల్లె దగ్గర 1926లో వెలసిన బడి అది. ఆ లోయ అప్పట్లో మేకలు మేసి బోడిగా మిగిలిన నేల. ఏళ్ళ తరబడి చెట్లు పెంచారు, మేపు ఆపారు, వాననీటికి కుంటలు కట్టారు. పిట్టలు వాటంతటవే వచ్చాయి. 1991లో ఆ లోయ పక్షుల సంరక్షణ ప్రదేశమైంది. రెండు వందలకు పైగా జాతుల్ని అక్కడ గుర్తించారు.

అంత లోయ మనకెక్కడిదంటారా? గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువు చూడండి. సర్కారు తుమ్మచెట్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టుకుంటాయి. నీళ్ళూ చెట్లూ ఉండి, ఊరివాళ్ళు తరమకపోతే చాలు వాటికి.

మన పత్తి, మిరప చేల మధ్య ఈ పాఠం మరీ అవసరమని నాకనిపిస్తుంది. 1987లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమ పత్తిని మింగేసింది. మందు మీద మందు కొడితే, దోమను తినే అక్షింతల పురుగులూ చచ్చాయి, దోమ మాత్రం పెరిగింది. అప్పుల్లో మునిగిన రైతులు ఎందరో ప్రాణాలు తీసుకున్నారు. తాళిబొట్లు తెగిన ఆ ఇళ్ళను మన జిల్లాలు ఇప్పటికీ మరిచిపోలేదు. పిట్టలు వాలి పురుగుల్ని తింటాయని, చేలో కర్రలు పాతమని వ్యవసాయ శాఖవాళ్ళు ఈనాడు చెబుతున్నారు. ఏది మిత్రుడో ఏది శత్రువో తెలియడం ఇక్కడ బతుకు తెలియడమే.

అందుకు బడి వెనక రెండు సెంట్లు చాలు. ఒక వేప, ఒక నిమ్మ, రెండు కరివేపాకు మొక్కలు, నాలుగు బంతి మళ్ళు, మట్టి మూకుడులో నీళ్ళు. మందు కొట్టకూడదు. "పాములొస్తాయమ్మా!" అంటారు తల్లులు. భయం న్యాయమైనదే. అందుకే చుట్టూ కంచె కట్టి, నడిచే దారి శుభ్రంగా ఉంచి, టీచరు వెంట ఉంటేనే పిల్లల్ని లోపలికి పంపాలి. మూకుడులో నీళ్ళు రెండురోజులకోసారి మార్చాలి, లేకపోతే దోమలు చేరతాయి.

మందుడబ్బా మీది పేరు గడగడా చదివే పిల్లకి, గేదె వీపుమీద కూర్చున్న పసుల పోలిగాడి పేరు కూడా తెలియాలి గదా! రేపు చేలోకి మందు మోసుకెళ్ళే ముందు, ఆ పిల్ల ఒక్క నిమిషం ఆగి ఆకు తిప్పి చూస్తుంది. ఆ ఒక్క నిమిషం కోసమే ఈ రెండు సెంట్లు.