గంజిలోనూ నూలులోనూ ఒకే చక్కెర

షోలాపూరులో స్థిరపడిన మన పద్మశాలీలకైనా, సరిహద్దు ఊళ్ళల్లో నేతపని ఎరిగిన మరెవరికైనా, పడుగుకు గంజి ఎందుకు పెడతారో నేను చెప్పనక్కర్లేదు. గంజి పట్టని పోగు మగ్గం మీద రాపిడికి తెగిపోతుంది. అయితే ఒక్క సంగతి ఎప్పుడైనా ఆలోచించారా? ఆ గంజీ, ఆ నూలూ కూడా గ్లూకోజ్ అనే ఒకే చక్కెరతో కట్టినవి. మరి గంజి తాగితే కడుపు నిండుతుంది, నూలు తిని బతకలేం. ఎందుకని? దీనికి జవాబు దొరకడానికి వందేళ్ళు పైనే పట్టింది.

1811లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కిర్కాఫ్ అనే రసాయనవేత్త పిండిపదార్థాన్ని పలచని గంధకామ్లంతో మరగబెట్టాడు. ఆయన వెతుకుతున్నది జిగురుకు బదులుగా పనికొచ్చే వస్తువు. చేతికొచ్చింది తియ్యని పాకం! 1819లో ఫ్రాన్సు దేశస్థుడు బ్రాకొనో నారబట్ట పేలికల మీద అదే ఆమ్లాన్ని ప్రయోగించాడు. అక్కడా చక్కెరే వచ్చింది. చింకిగుడ్డలో చక్కెర అంటే ఇవాళ మనకే నమ్మబుద్ధి కాదు. 1838లో పాయెన్ మొక్కల కణాల గోడల్లోని పదార్థాన్ని వేరుచేసి, దానిలో మూలకాల పాళ్ళు పిండిపదార్థంలో ఉన్నట్లే ఉన్నాయని తేల్చాడు. మరుసటి ఏడు దానికి సెల్యులోజ్ అన్న పేరు స్థిరపడింది. మన పత్తిలో ఉన్నది ముఖ్యంగా అదే.

పాళ్ళు ఒకటే, గుణాలు వేరు. చిక్కు అక్కడే. 1920లో జర్మన్ శాస్త్రవేత్త స్టౌడింగర్, ఇవన్నీ వందలు, వేల చిన్న అణువులు గట్టి బంధాలతో వరుసగా ముడిపడిన పొడవాటి గొలుసులన్నాడు. సాటి రసాయనవేత్తలు చాలామంది ఒప్పుకోలేదు. అంత పెద్ద అణువు ఉండదు, చిన్నవే గుంపుగా అంటుకుని ఉన్నాయని వాదించారు. ఆయన మాత్రం ద్రావణాల చిక్కదనాన్ని కొలుస్తూ, కొత్త గొలుసులను తయారుచేస్తూ పట్టు వదల్లేదు. 1953లో నోబెల్ బహుమతి వచ్చేనాటికి ఆయన వయసు 72. అంత ఆలస్యం న్యాయం కాదని నా అభిప్రాయం.

ఇక ఆ తేడా ఏమిటంటారా? పూలదండ ఊహించుకోండి. పూలన్నీ ఒకే వైపు తిరిగి ఉంటే అది పిండిపదార్థం. ఆ గొలుసు మెలి తిరుగుతుంది. దానిలో కొంత భాగానికి కొమ్మలు కూడా ఉంటాయి. ఒక పువ్వు నిటారుగా, పక్క పువ్వు తలకిందులుగా గుచ్చితే అది సెల్యులోజ్. ఈ గొలుసులు తిన్నగా సాగి, పక్కపక్కనే ఒత్తుకుని గట్టి పోగవుతాయి. మన లాలాజలంలోని ఎంజైము మొదటి రకం ముడినే విప్పగలదు. ఆవు గడ్డి తిని బతుకుతున్నదంటే, దాని పొట్టలోని సూక్ష్మజీవులు రెండో ముడినీ విప్పబట్టే.

నేతగాళ్ళకు పనికొచ్చే సంగతి ఇంకొకటి ఉంది. ఇదే పాయెన్, పెర్సో అనే మిత్రునితో కలిసి 1833లో మొలకెత్తిన బార్లీ నుంచి డయాస్టేజ్ అనే పదార్థాన్ని తీశాడు. పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చేస్తుందది. అదే జాతి ఎంజైములతో మిల్లుల్లో, నేత పూర్తయిన గుడ్డ నుంచి గంజిని తీసేస్తారు. గంజి కరిగి నీళ్ళల్లో పోతుంది. నూలు పోగును మాత్రం ఆ ఎంజైము ముట్టుకోదు.