పులివేటకు రెండు గొట్టాల తుపాకీ

1960లలో కన్హా అడవుల్లో పులుల మీద పరిశోధన చేసిన జార్జ్ షాలర్ పాత షికారీల లెక్కలు కూడా కూడగట్టాడు. సర్గుజా మహారాజు తాను కొట్టిన పులులు 1,150 అన్నాడు. విజయనగరం మహారాజ్‌కుమార్ 323 అన్నాడు. ఈ రెండో ఆయన మనకు బాగా తెలిసిన విజ్జీ, పూసపాటి విజయానంద గజపతిరాజు. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత క్రికెట్ జట్టుకు కెప్టెన్. 1962 ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచిన నాయకుడు. 2022 గణనలో ఆంధ్రప్రదేశ్ మొత్తం మీద తేలిన పులులు 63. ఒక్కరి ఖాతాలో అంతకు అయిదు రెట్లు!

ఈ వేట ఒక్కరి గురితో సాగింది కాదు. డప్పులు కొట్టి అడవిలోంచి పులిని తరిమే కూలీలు, మంచెలు కట్టేవాళ్లు, ఏనుగులు, మావటీలు ఉండేవారు. వీళ్లందరికీ తోడు ఇంగ్లండ్‌లో కూర్చుని మన అడవుల కోసం తుపాకులు చేసే కంపెనీలు ఉండేవి.

మొదట్లో ఆ తుపాకులు భారీగా ఉండేవి. బోరు లెక్క సీసంతో ముడిపడింది. పౌను సీసంతో నాలుగు గుండ్లు పోస్తే, అందులో ఒక గుండు పట్టే గొట్టం నాలుగు బోరు. అంటే గుండు బరువు 113 గ్రాములు, గొట్టం లోపలి వెడల్పు అంగుళం పైమాటే. 1840లలో సింహళంలో ఏనుగులను వేటాడిన శామ్యూల్ బేకర్ దగ్గర అలాంటిదే ఒకటి ఉండేది. బ్రిస్టల్‌లోని గిబ్స్ చేసిన ఆ రైఫిల్ బరువు 21 పౌనులు, తొమ్మిదిన్నర కిలోలు.

అంత పెద్ద గుండు ఎందుకంటే అప్పటి నల్లరంగు తుపాకీమందుతో గుండుకు వేగం తక్కువ. వేగం పెంచలేనప్పుడు బరువు పెంచాలి. మెత్తటి సీసం ఎముకకు తగిలి చదునైపోయేది, లోపలికి దిగేది కాదు. పేలిన వెంటనే కమ్మేసే పొగలో మీదికి వస్తున్న జంతువు కనిపించేది కాదు. భుజం వాచిపోవడం సరేసరి.

పొగ లేని కార్డైట్ మందు వచ్చాక లెక్క తిరగబడింది. 1898లో లండన్ కంపెనీ రిగ్బీ .450 నైట్రో ఎక్స్‌ప్రెస్ తూటా తెచ్చింది. ఇక్కడ అంకె గుండ్ల లెక్క కాదు, అంగుళాల్లో గొట్టం వెడల్పు. గుండు బరువు 31 గ్రాములు, వేగం సెకనుకు 650 మీటర్లకు పైనే. నాలుగు బోరు గుండులో మూడో వంతు కూడా లేదు, అయినా గట్టి తొడుగు వల్ల అడవిదున్న పుర్రెలోకి నేరుగా దిగేది.

ఆ .450 మన దేశంలో ఎక్కువ కాలం చెల్లలేదు. సైన్యం వాడిన మార్టినీ-హెన్రీ తుపాకీది కూడా అదే కొలత. తూటాలు, గుండ్లు తిరుగుబాటుదార్ల చేతిలో పడతాయన్న భయంతో 1907లో బ్రిటిష్ ప్రభుత్వం ఇండియా, సూడాన్‌లలో ఆ బోరును నిషేధించింది. వ్యాపారులు ఊరుకుంటారా? కొద్దిగా కొలత మార్చి .465, .470, .475 బోర్లు దించారు. పులికి తేడా తెలియదు, చట్టానికి మాత్రం తేడా ఉంది. సర్కారు భయం ఉత్తదేమీ కాదని 1922 ఆగస్టులో విశాఖ ఏజెన్సీ చూపించింది. అల్లూరి సీతారామరాజు దళం వరుసగా మూడు రోజుల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద పడి తుపాకులు, తూటాలు పట్టుకుపోయింది.

ఇంకో చిక్కు మన ఎండలది. వేడెక్కిన కార్డైట్ మామూలుకన్నా ఎక్కువ ఒత్తిడితో పేలేది. ఖాళీ తూటా గొట్టంలో బిగుసుకుపోతే వేటగాడి చేతిలో మిగిలేది కర్రే. అందుకే ఉష్ణదేశాలకు పంపే తూటాల్లో మందు కాస్త తగ్గించి నింపేవారు. రెండు గొట్టాల రైఫిల్‌కు గిరాకీ కూడా ఈ ప్రాణభయంతోనే. రెండు ట్రిగ్గర్లు, రెండు విడి యంత్రాంగాలు. ఒకటి మొరాయించినా రెండోది పేలుతుంది. బోల్టు లాగే చప్పుడు లేకుండా మరో గుండు సిద్ధంగా ఉంటుంది. రెండు గొట్టాల గుండ్లూ ఒకే చోట తగిలేలా పనివాడు కాల్చి చూస్తూ, గొట్టాలను కాస్త కాస్త జరుపుతూ అతికేవాడు. ధర అందుకే జమీందార్ల స్థాయిలో ఉండేది.

ఆ వైభవానికి సాక్ష్యం 1902 ఏప్రిల్‌లో వరంగల్ దగ్గర నెక్కొండ విడిదిలో లాలా దీన్‌దయాళ్ స్టూడియో తీసిన ఫొటో. వైస్రాయ్ కర్జన్, ఆయన భార్య నిలబడి ఉంటారు, కాళ్ల దగ్గర పులి.

అంత డబ్బు లేనివాళ్లూ వేటాడారు. 1910లో బొల్లారంలో పుట్టిన కెన్నెత్ ఆండర్సన్ చేతిలో ఉన్నది అమెరికా వించెస్టర్ 1895 మోడల్, .405 బోరు, ఒక్కటే గొట్టం. అప్పటి చిత్తూరు జిల్లా చామల లోయలో మనుషులను తిన్న పులి కథ ఆయన తొలి పుస్తకంలోదే. వేట మీద ఆయన రాసిన కథలను జనం ఇప్పటికీ చదువుతున్నారు.

1970లో పులివేట మీద నిషేధం వచ్చింది, 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం. విశాఖపట్నంలో గాజువాక నుంచి హైవే ఎక్కి ఎన్ఏడీ, హనుమంతవాక దాటితే కనిపించే కంబాలకొండ ఒకప్పుడు విజయనగరం సంస్థానం అడవి. 1970లో అటవీశాఖ చేతికొచ్చి, తర్వాత అభయారణ్యమైంది. చిరుతలు ఇంకా అక్కడ ఉన్నాయి.

2022 వేసవిలో కాకినాడ జిల్లా ప్రత్తిపాడు వైపు తిరిగిన పులి అనకాపల్లి, విజయనగరం జిల్లాల దాకా వచ్చింది. అటవీ సిబ్బంది బోన్లు పెట్టి, కెమెరాలు కట్టి వారాల తరబడి వెంటపడ్డారు. ఇలాంటి పనులకు వాడే మత్తు తుపాకుల గొట్టం వెడల్పు సాధారణంగా 11 లేదా 13 మిల్లీమీటర్లు, అంటే పాత షికారీల బోర్లకు దగ్గరగానే. ఆ గొట్టంలోంచి గాలి ఒత్తిడితో వెళ్లేది మందు నింపిన సూది. పులిని కాల్చి చంపాలంటే, పట్టుకోవడానికీ మత్తు ఇవ్వడానికీ వేరే చోటికి తరలించడానికీ వీలు లేదని చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వకంగా కారణం చూపాల్సిందే.